ఐలాంథస్ వెబ్‌వర్మ్ మాత్‌ను గుర్తుపట్టడం ఎలా

ఉత్తర అమెరికాలో వేసవి చివర పువ్వుల మీద వాలే ఈ నారింజ రంగు చిమ్మటను చాలామంది పెంకుపురుగు అనుకుని వదిలేస్తారు. వాలగానే రెక్కల్ని ఒంటి చుట్టూ గొట్టంలా బిగించుకుంటుంది మరి. పైగా పగలే తిరుగుతుంది. రాత్రి దీపాల దగ్గరికీ వస్తుంది. శాస్త్రీయ నామం అటెవా ఆరియా. పాత పుస్తకాల్లో అటెవా పంక్టెల్లా అని ఉంటుంది, కంగారు పడకండి.

ముందు సైజు చూడండి. రెక్కలు విప్పితే 18 నుంచి 30 మి.మీ., ముడిస్తే దాదాపు సగం. తర్వాత పట్టీలు. నారింజ రంగు ముందు రెక్కలకు అడ్డంగా నాలుగు నల్ల పట్టీలు, వాటి లోపల మీగడ రంగు మచ్చలు, నల్ల పలక మీద సుద్దతో చుక్కలు పెట్టినట్టు. వెనక రెక్కలు పొగరంగులో పలచగా ఉంటాయి కానీ కూర్చున్నప్పుడు కనబడవు.

అసలు తికమక బెల్లా మాత్ అనే ఇంకో చిమ్మటతోనే. అక్కడ లెక్క తిరగబడుతుంది: తెల్ల పట్టీల్లో నల్ల చుక్కలు. ఎగిరితే గులాబీ రంగు వెనక రెక్కలు మెరుస్తాయి, సైజూ పెద్దదే, 33 మి.మీ. పైనే. నలుపులో తెలుపా, తెలుపులో నలుపా అన్న ఈ ఒక్క ప్రశ్న చాలాసార్లు తేల్చేస్తుంది. పెయింటెడ్ లైకెన్ మాత్‌కు చారలు నిలువుగా ఉంటాయి కాబట్టి దానితో ఇబ్బంది లేదు.

అనుమానం తీరకపోతే చుట్టుపక్కల చెట్లు చూడండి. దీని గొంగళిపురుగులు ట్రీ ఆఫ్ హెవెన్ ఆకుల్ని గూడులా అల్లుకుని గుంపుగా తింటాయి. ఆ చెట్టును సుమాక్ అనే పొద చెట్టని పొరబడుతుంటారు. స్టాగ్‌హార్న్ సుమాక్ చిట్టి ఆకులకు అంచంతా రంపపు పళ్లుంటే, ట్రీ ఆఫ్ హెవెన్‌కు చిట్టి ఆకు మొదలు దగ్గర మాత్రమే ఒకటి రెండు మొద్దు పళ్లు. నలిపితే ముక్కిన వేరుసెనగ వాసన కొడుతుంది. చైనా నుంచి వచ్చిన ఈ చెట్టును 1784లో ఫిలడెల్ఫియాలో నాటారు. అంతకుముందు ఈ చిమ్మట దక్షిణ ఫ్లోరిడాలో, మధ్య అమెరికాలో సిమరూబా చెట్ల మీద బతికేది. గడ్డకట్టే చలిని తట్టుకోలేదు, అందుకే ఏటా దక్షిణం నుంచి మళ్లీ పైకి వస్తుంది. ఉత్తర రాష్ట్రాల్లో వసంతం మొదట్లోనే చూశామనుకుంటే ఇంకోసారి పరీక్షించండి.

ఫొటో తెల్లవారుజామున తీయండి, చల్లదనానికి మందకొడిగా ఉంటుంది. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి. పసుపు దీపం కింద తీస్తే మీగడ మచ్చలు నారింజలో కలిసిపోయి పట్టీలు లెక్కకు అందవు. పొలుసులు రాలిన ముసలి వాటిలోనైతే నలుపు అక్కడక్కడే మిగులుతుంది, అలాంటప్పుడు రెండు రెక్కల్నీ పోల్చి పట్టీలు లెక్కపెట్టండి.