వంశవృక్షం వెతుకుదాం – 5వ పాఠం: ముత్తాతది ఏ దేశం?

పోయిన పాఠంలో అమెరికా జనాభా లెక్కల్లో ముత్తాతను వెతకమన్నాను. చాలామంది ఒకేచోట ఆగిపోయారు. పుట్టిన దేశం 1910లో ఆస్ట్రియా, 1930లో పోలండ్, తీరా ఊరి పేరు మ్యాపులో కొడితే ఉక్రెయిన్! ఒకరైతే ఆయన్ని ఇద్దరు మనుషుల్ని చేసి, మొదటాయన్ని చంపేశారు కూడా.

ఇద్దరూ ఒకరే. 1795 నుంచి 1918 దాకా పోలండ్ స్వతంత్ర దేశంగా లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచుకున్నాయి. ల్వీవ్ చుట్టుపక్కల పల్లెలు అప్పట్లో ఆస్ట్రియా కింద, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్‌లో, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి. అలాగే ‘హంగేరీ’ అని కనబడగానే హంగేరియన్ అని రాసుకోకండి, స్లొవాక్ కావచ్చు. 1910 నుంచి 1930 దాకా లెక్కల్లో మాతృభాష కూడా రాశారు. నేను దేశం గడి కంటే ముందు దాన్నే చూస్తాను.

కాబట్టి మనకు కావలసింది దేశం కాదు, ఊరు. అది దొరికేది అమెరికా కాగితాల్లోనే. 1906 సెప్టెంబరు తర్వాతి పౌరసత్వ దరఖాస్తుల్లో సాధారణంగా పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, తేదీ ఉంటాయి. అంతకుముందువి చాలావరకు దేశం పేరుతో సరిపెడతాయి. 1922కి ముందు భార్యకు భర్త ద్వారానే పౌరసత్వం వచ్చేది, ఆమె పేరుతో విడిగా దరఖాస్తు వెతికి టైం వేస్ట్ చేసుకోవద్దు.

ఇక న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ గురించి నాకు ఒళ్లు మండే మాట: ‘ఎల్లిస్ ఐలాండ్‌లో గుమస్తా మా పేరు మార్చేశాడు.’ మార్చలేదు. ప్రయాణికుల జాబితా బయల్దేరిన రేవులోనే ఓడ కంపెనీ వాళ్లు రాసేవారు. ఇక్కడి ఇన్‌స్పెక్టర్ ఆ జాబితా ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు, అవసరమైతే దుబాసీని పిలిచేవాడు. కొత్త పేరు పెట్టడం అతని పని కాదు. అసలు ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో. 1870లో వచ్చిన ముత్తాత దిగింది న్యూయార్క్‌లోనే అయినా, అంతకుముందున్న వలస కేంద్రం కాసిల్ గార్డెన్‌లో. పేర్లు మారింది తర్వాత, పనిలోనో, బడిలోనో, పౌరసత్వం తీసుకునేటప్పుడో. ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఆ కథ నమ్మినవాళ్లు ‘స్మిత్’ కోసం ఓడ జాబితా అంతా వెతికి, రికార్డు లేదని తేల్చేస్తారు. జాబితాలో ఆయన కొవాల్‌స్కీ. ‘జో’ అక్కడ జుసెప్పె. ‘ఆల్బర్ట్’ అక్కడ వోయ్‌చెఖ్ కావచ్చు. ఇటాలియన్ ముత్తవ్వ అయితే పెళ్లయి పిల్లలతో వచ్చినా పుట్టింటి పేరుతోనే ఉండవచ్చు. నా అడ్డదారి: ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, అసలు పేరు, వయసు, వచ్చిన సంవత్సరం మాత్రమే ఇస్తాను.

ఐరిష్ కొమ్మ ఉన్నవాళ్లు 1922లో డబ్లిన్ రికార్డుల కార్యాలయం తగలబడిందని విని చేతులెత్తేశారు. 1901, 1911 జనాభా లెక్కలు పూర్తిగా, ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అంతకుముందు తరానికి 1847–64 నాటి గ్రిఫిత్ భూమి లెక్కలున్నాయి. నార్వే వాళ్ల పేర్లలో తండ్రి పేరూ, పొలం పేరూ కలిసి వస్తాయి, దానికి విడిగా ఒక పాఠం కావాలి.

అభ్యాసం: ఒక్క పూర్వీకుణ్నే తీసుకోండి. 1900 నుంచి 1950 దాకా ఆయన బతికున్న ప్రతి లెక్కలో పుట్టిన దేశం, మాతృభాష, వచ్చిన సంవత్సరం ఉన్నంతవరకు రాసుకోండి. ప్రతిసారీ అటు ఐదిళ్లు, ఇటు ఐదిళ్లు ఎవరున్నారో కూడా రాయండి. ఒకే ఊరివాళ్లు తరచూ పక్కపక్కనే కాపురం పెట్టేవారు. మీవాడి కాగితంలో లేని ఊరు పక్కింటివాడి పౌరసత్వ దరఖాస్తులో దొరకొచ్చు. ఆన్‌లైన్‌లో ఇతరులు కట్టిన వంశవృక్షాలు ఈ వారం తెరవకండి. ఊరి పేరు తేలనిదే విదేశీ రికార్డుల జోలికీ పోకండి.