పైలట్ అంటే విమానమే కాదు: మెరైన్ పైలట్ కావాలంటే ఏం చేయాలి

మాది దేవరకొండ పక్కన పల్లె, నేను ఓడలో సెకండ్ ఆఫీసర్ని. సెలవుకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పిల్లాణ్ని వెంటబెట్టుకొని వస్తారు, వీణ్ని పైలట్ చేయాలంటే ఎట్లా అని. ముందు వాళ్ల బుర్రలోంచి విమానాన్ని దించాలి.

పోర్టు దగ్గరకొచ్చిన ఓడ ఎక్కి, దాన్ని లోపలికి తెచ్చి ఒడ్డుకి కట్టించేవాడు మెరైన్ పైలట్. కెప్టెన్‌కి తన ఓడ తెలుసు, పైలట్‌కి ఆ పోర్టు తెలుసు: లోతు ఎక్కడ తగ్గుతుంది, పోటు ఎటు లాగుతుంది, టగ్‌ని, అంటే ఓడని తోసే చిన్న బోటుని, ఎప్పుడు తోయమనాలి. సోమశిలలో కృష్ణ దాటించేవాళ్లని చూడండి, ఏ బండ ఎక్కడ మునిగి ఉందో వాళ్లకే తెలుసు. అదే విద్య, కాకపోతే ఈ పడవ 200 మీటర్లుంటుంది, బ్రేకులుండవు. పైలట్ ఎక్కినా బాధ్యత మాత్రం కెప్టెన్‌దే.

దీనికి ఇంటర్ కాగానే చేరే కోర్సేమీ లేదు. చేరుస్తామని ఎవరైనా డబ్బులడిగితే లేచి వచ్చేయండి. మా నాన్న ఒక ఏజెంటుకి రెండెకరాల పత్తి డబ్బు ఇచ్చాడు, మళ్లీ దాని మొహం చూడలేదు. అసలు దారి ఇది: ఎంపీసీలో 60 శాతం, ఇంగ్లిష్‌లో 50, తర్వాత ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్), ఆపైన డీఎన్ఎస్ అనే నాటికల్ సైన్స్ డిప్లొమా అయితే ఏడాది చదువు, 18 నెలలు ఓడలో, లేదంటే మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్, దాని తర్వాత ఏడాది ఓడలో. కాలేజీకి అనుమతి ఉందో లేదో డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సైట్‌లోనే చూసుకోండి. తర్వాత ఒక్కో మెట్టుగా ఓడ ఆఫీసర్ల పరీక్షలు: సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, చివరికి మాస్టర్, అంటే కెప్టెన్, మధ్యమధ్యలో నెలలకు నెలలు సముద్రం. పెద్ద పోర్టులు మామూలుగా మాస్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి, అది చేతికొచ్చేసరికి ముప్పై దాటడం మామూలే. అప్పుడు మళ్లీ ట్రైనీ! సీనియర్ పక్కన నిలబడి చూడటం, ఆయన చూస్తుండగా మనం తేవడం, పరీక్ష, లైసెన్సు, అదీ మొదట చిన్న ఓడలకే.

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం నిచ్చెన. ఓడ నడుస్తూనే ఉంటుంది, పక్కన పైలట్ బోటు ఎగిరెగిరి పడుతుంటుంది, అది అల మీద పైకి లేచిన క్షణంలో తాడు నిచ్చెన అందుకొని గబగబా ఎక్కేయాలి, లేకపోతే తర్వాతి అలకి బోటు లేచి కాలు నలిపేస్తుంది. ఒట్టి తాడు నిచ్చెన 9 మీటర్ల వరకే, మించితే గ్యాంగ్‌వే (ఓడ పక్కన ఏటవాలుగా దించే మెట్లు) జత చేయాలని రూలు. దాన్ని సరిగ్గా కట్టారో లేదో చూసేది మాలాంటి ఆఫీసర్లే.

వీటన్నిటికంటే ముందు కళ్ల డాక్టర్ దగ్గరకెళ్లి కలర్ బ్లైండ్‌నెస్ టెస్ట్ చేయించండి. రాత్రి ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో దాని ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం చూసే చెప్పాలి. మొన్న సంక్రాంతికి వచ్చిన పిల్లాడికి మంచి మార్కులు, టెస్ట్‌లో మాత్రం పోయింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో సిగ్నళ్ల దగ్గర పైలైటా కిందిలైటా అని చూసి బండి నడుపుతున్నాడట.