పాత బుల్లెట్ స్టార్ట్ కాకపోతే ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి?

ఇంజన్ పని నేర్చుకోవాలనుకుంటే పాయింట్లతో (స్పార్క్ కోసం కరెంటుని కలుపుతూ తెంచే చిన్న స్విచ్) నడిచే పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 పట్టండి. సెన్సర్లు ఉండవు, అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. బండి మొరాయించిందని ఇంజన్ మాత్రం విప్పేయకండి. స్పార్క్, పెట్రోల్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి), ఈ వరుసలో వెతకండి, ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి.

ముందు ప్లగ్ విప్పి మూతి రంగు చూడండి. లేత గోధుమ రంగు అయితే బాగున్నట్టు, పొడి మసి పడితే పెట్రోల్ ఎక్కువ పోతోంది, తెల్లగా పాలిపోతే తక్కువ పోతోంది, నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. అదే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజన్ పైభాగమైన హెడ్‌కి ఆనించి కిక్ కొట్టండి (చుట్టుపక్కల పెట్రోల్ చుక్క కూడా ఉండకూడదు). నీలం రంగు స్పార్క్ ఠక్కున రావాలి.

రాకపోతే ఆమ్‌మీటర్ (బ్యాటరీ కరెంటు చూపే ముల్లు మీటర్) చూడండి. బ్యాటరీ బాగుండి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే, కిక్ మెల్లగా నొక్కుతున్నప్పుడు పాయింట్లు మూసుకోగానే ముల్లు డిశ్చార్జ్ వైపు పడుతుంది, తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. నేనొకసారి ఆదివారమంతా కార్బొరేటర్ మీద కూర్చుని సాయంత్రం ఈ ముల్లు చూశాను, అసలు కదలడం లేదు, పాయింట్ల మీద సన్నటి ఆయిల్ పొర! గుడ్డతో తుడిస్తే రెండో కిక్‌కే అందుకుంది.

పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నచోట ఆపి గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండేలా పెట్టండి. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నటి రేకు) బిగుసుకోకూడదు, వదులుగా ఊగకూడదు, కాస్త రాసుకుంటూ జారాలి, ఆ పట్టు నాలుగైదుసార్లు చేస్తేగానీ వేళ్లకి తెలియదు. నడుస్తున్నప్పుడు పాయింట్ల మధ్య నిప్పురవ్వలు బాగా ఎగురుతుంటే కండెన్సర్ (ఆ రవ్వల్ని అణిచే భాగం) మార్చి చూడండి.

స్పార్క్ బాగుంటే పెట్రోల్ సంగతి. వేడెక్కాక కూడా చోక్ వేస్తేనే నడుస్తోందంటే కార్బొరేటర్‌లోని పైలట్ జెట్ (తక్కువ వేగంలో పెట్రోల్ పంపే సన్నటి రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు. సూది గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది, గాలితో ఊదండి.

ఇక కంప్రెషన్. డీకంప్రెసర్ (కంప్రెషన్ ఒత్తిడిని వదిలే లివర్) నొక్కకుండా కిక్ మీద బరువు వేస్తే కాసేపు మోయాలి. మెత్తగా జారిపోతే హెడ్ విప్పే ముందు టాపెట్లు (వాల్వుల సందు సర్దే చోటు) చూడండి: ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండి, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు, రెండు పుష్‌రాడ్లూ (వాల్వుల్ని కదిలించే కడ్డీలు) వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు.