కొత్త ప్రజాతి అని రాసే ముందు: సుడిదోమల బంధువులను సేకరించే విద్యార్థులకు

చిత్తూరు చుట్టుపక్కల చెరకు తోటలోకి అడుగుపెట్టి ఆకు తిప్పి చూడండి. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఎండుగడ్డి రంగు పురుగు కనిపిస్తుంది. వేలు దగ్గరికి తెస్తే చటుక్కున పక్క ఆకు మీదికి దూకుతుంది. అది పైరిల్లా. వరిలో సుడిదోమ, తెల్లవీపు దోమ దీని దూరపు చుట్టాలు. రైతులు వాటిని దోమలంటారు గానీ కుట్టే దోమలతో వీటికి ఏ చుట్టరికమూ లేదు. మొక్కల రసం పీల్చే ఈ ఫల్గోరాయిడియా సమూహంలో ఇప్పటికి 12,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. మన గట్ల మీద పేరు పెట్టాల్సినవి ఇంకా ఉన్నాయని నా గట్టి నమ్మకం.

డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతూ సెలవు రోజుల్లో వల పట్టుకు తిరిగేదాన్ని. "మేడమ్, ఇది ఏ ప్రజాతిలోనూ ఇమడడం లేదు" అని విద్యార్థులు ఫోను చేసినప్పుడల్లా చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు.

మొదట అది నిజంగా ఈ సమూహానిదేనా చూడండి. స్పర్శశృంగాలు, అంటే మీసాలు, కంటికి కింద, బుగ్గ మీద ఉండాలి. వాటి రెండో ఖండం ఉబ్బి, బుడిపెలతో ఉంటుంది. ముందు రెక్క మొదట్లో చిన్న పొలుసు, రెక్క వెనుక భాగంలో రెండు ఈనెలు కలిసి ఒకటయ్యే చోటు కనిపించాలి. పచ్చదోమ, మామిడి తేనెమంచు పురుగు వేరే వంశం. వాటి స్పర్శశృంగాలు కళ్ల మధ్య వెంట్రుకల్లా ఉంటాయి, వెనుక కాళ్ల మీద ముళ్ల వరుసలుంటాయి. వెనుక కాలి పిక్క చివర కదిలే ముల్లు ఒకటి ఉంటే మీ పురుగు సుడిదోమ కుటుంబమైన డెల్ఫాసిడేది.

సేకరణ గురించి ఎక్కువ చెప్పను. శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది, 2010 నుంచి అది జీవావరణ రిజర్వు కూడా. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ ఒక్క పురుగునూ ముట్టవద్దు. డీఎన్ఏ కోసం కొన్నింటిని 95 శాతం ఆల్కహాలులో ఉంచి, మిగిలినవాటిని సూదికి గుచ్చిన త్రికోణపు కాగితం ముక్క కొసకు అంటించండి. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, ఎవరు పట్టారు అన్నది అదే సాయంత్రం రాయండి. నవంబరు వానల్లో ఒకసారి పెట్టె మూత సరిగా వేయక, తెల్లారేసరికి చీమలు నలభై నమూనాలను ఖాళీ చేశాయి. వాటిలో నాలుగింటిని మళ్లీ ఎక్కడా పట్టలేకపోయాను.

అసలు పని మగ పురుగు పొత్తికడుపులో, దాని జననాంగాల దగ్గర ఉంది. దాన్ని విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా నానబెట్టండి. కండరాలు కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. నీటితో కడిగి గ్లిజరిన్‌లో ఉంచి అన్ని వైపుల నుంచీ బొమ్మలు గీయండి. ఫోటో ఎంత బాగున్నా బొమ్మ గీయడం మానవద్దు. గీస్తున్నప్పుడే కన్ను ప్రశ్న అడుగుతుంది. ఆ తర్వాత ఆ ముక్కను గ్లిజరిన్ నింపిన చిన్న గొట్టంలో వేసి అదే సూదికి గుచ్చండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చంద్రగిరి కోట కింద వరి గట్టు మీద గడ్డిలో ఒకసారి, రెక్కలు సగం పొట్టను కూడా కప్పని పురుగు దొరికింది. 1906లో ఆంగ్ల కీటక శాస్త్రవేత్త డిస్టంట్ బ్రిటిష్ ఇండియా జంతుజాలం మీద రాసిన సంపుటిలో వెతికాను, దానికి సరిపోయేది కనిపించలేదు. కొత్త ప్రజాతి అనుకుని మూడు నెలలు వర్ణన రాశాను. ఒక రాత్రి దీపం దగ్గర పొడుగు రెక్కల పురుగు పడితే దాన్ని కోసి చూశాను. జననాంగాలు ఈ రెండింటిలో అచ్చం ఒకటే. డెల్ఫాసిడేలో ఒకే జాతిలో పొట్టి రెక్కలవీ పొడుగు రెక్కలవీ ఉంటాయి. నేను వర్ణించినది ఎప్పుడో పేరున్న జాతే. రెక్కల పొడవు మీద, రంగు మీద ప్రజాతిని నిలబెట్టవద్దు.

కొత్త జాతి అంటే ఒక పురుగు గురించి చెప్పే మాట. కొత్త ప్రజాతి అంటే ఇప్పటికే ఉన్న ప్రజాతులన్నిటి గురించీ చేసే వాదన. "ఇది కొత్తగా ఉంది" అంటే చాలదు. దగ్గరి ప్రజాతులు ఏవి, నెత్తి వెడల్పు, ముఖం మీది గట్లు, ఈనెల చీలిక, జననాంగాల ఆకారం వీటిలో ఒక్కోదానికీ తేడా ఎక్కడ అన్నది వరుసగా చూపాలి. అందుకు ఆ ప్రజాతుల ఆదర్శ జాతుల (ప్రజాతి పేరు ఏ జాతికి కట్టుబడి ఉంటుందో ఆ జాతి) నమూనాలనే చూడాలి. డిస్టంట్ వర్ణించినవాటిలో చాలా నమూనాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. ఫోటోలు పంపమని మర్యాదగా ఉత్తరం రాయండి. ఫ్లో అనే అంతర్జాల పట్టికలో ఈ సమూహం పేర్లన్నీ దొరుకుతాయి. ఒక్క మగ నమూనాతో ప్రజాతిని ప్రకటించడం నాకు ఇష్టం ఉండదు. వీలైతే ఆడదాన్ని కూడా పట్టండి.

పేరు విషయంలో అంతర్జాతీయ నియమావళి కచ్చితంగా ఉంటుంది. ప్రజాతికి ఆదర్శ జాతి ఏదో చెప్పాలి. 1930 తర్వాత అది లేని ప్రజాతి పేరు చెల్లదు. ఏ చేపకో సీతాకోకచిలుకకో ఆ పేరు ముందే ఉంటే మీకు దక్కదు. తెలుగు మాటను కూడా ప్రజాతి పేరుగా పెట్టవచ్చు, కానీ దాని లింగం ఏదో మీరే ప్రకటించండి. జాతి పేరు విశేషణమైతే ఆ లింగాన్ని అనుసరించాలి. వ్యాసం అంతర్జాల పత్రికలో మాత్రమే వస్తుంటే ముందే జంతువుల పేర్ల అధికారిక అంతర్జాల పట్టిక జూబ్యాంకులో నమోదు చేసి, ఆ సంగతి వ్యాసంలో రాయాలి. 2012 నుంచి ఇది నియమం. అచ్చయ్యేవరకు ఆ పేరు సభలో పలకవద్దు, విలేకరికి చెప్పవద్దు.

హోలోటైప్, అంటే కొత్త జాతి పేరుకు ఆధారంగా నిలిచేది, ఒక్కటే నమూనా. దానికి ఎర్ర లేబుల్ పెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్తగా గుర్తించిన జీవి నమూనాలను గుర్తింపు పొందిన భాండాగారానికి అప్పగించాలి, ఆ సంగతి వారికి తెలియజేయాలి. కోల్‌కతాలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ అలాంటిదే. నేను పార్శిల్లో పంపను. పెట్టెను దూదితో సర్ది, రైల్లో ఒడిలో పెట్టుకుని తీసుకువెళతాను.