ట్యాంకు మీద వెల్డింగ్ టార్చ్ పెట్టే ముందు

సెలవులు దగ్గరపడుతున్నాయి, పాత బుల్లెట్‌ని సొంతంగా బాబర్ (అనవసరమైనవన్నీ పీకేసి, మడ్‌గార్డులు కురచ చేసిన బైక్) చేద్దామని గ్రైండర్లు బయటికి తీస్తున్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– పెట్రోల్ ఒంపేశాం కదా అని ట్యాంకుకి వెల్డింగ్ పెట్టకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీదే ప్రమాదం, ఎందుకంటే ఆవిరి గాలికంటే బరువు, మడతల్లో, తుప్పు పొరల్లో దాక్కుని ఒక్క నిప్పురవ్వకి బాంబులా పేలుతుంది. వేడి సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, లోపల ఆర్గాన్ అనే మండని వాయువు నింపాకే టార్చ్. అనుమానంగా ఉంటే వదిలేసి కొత్త రేకుతో కొట్టుకోండి, అసలు పనితనం ఎలాగూ అక్కడే కనిపిస్తుంది.

– వెల్డ్ చేసే చోటుని క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడవొద్దు. వెల్డింగ్ ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

– ఛాసిస్ నంబర్ మీద టేప్ వేయండి. గ్రైండర్‌కి అది చెరిగిందా, ఆర్సీ ఉన్నా లేనట్టే. బండిలో మార్పులు చేయడం గురించి చెప్పే మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ కూడా ముందే చదువుకోండి, ఫ్రేమ్ కోశాక కాదు.

– బ్యాటరీ వైరు పీకేయండి, వెల్డింగ్ మెషీన్ ఎర్త్ క్లాంప్‌ని వెల్డ్ పక్కనే పెట్టండి. లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది.

– ఇంజిన్, చక్రాలు బిగించి, ముందు టాకులే (చుక్కల్లాంటి చిన్న వెల్డ్‌లు) వేయండి, అటొకటి ఇటొకటి. నేను తొందరపడి ఒకే పక్క మొత్తం లాగించేశాను, చల్లారాక చూస్తే వెనక చక్రం బొటనవేలంత పక్కకి పోయింది.