చెన్నైలో గది తీసుకునే ముందు

చెన్నైకి వచ్చే మనవాళ్లు రైలు దిగగానే సెంట్రల్ స్టేషన్ చుట్టూనే గది వెతుకుతారు. తెల్లారుజామున తిరుగు రైలు ఉంటే సరే, లేకపోతే పని ఎక్కడుంటే అక్కడే గది తీసుకోవడం మేలు. గ్రీమ్స్ రోడ్డు అపోలో ఆసుపత్రికి గానీ, కాలేజీ రోడ్డు శంకర నేత్రాలయ కంటి ఆసుపత్రికి గానీ వస్తే థౌజండ్ లైట్స్, నుంగంబాక్కం వైపు చూడండి. పెళ్లి బట్టలకైతే టీ నగర్. ట్రిప్లికేన్‌లో ‘మేన్షన్’ బోర్డులు చూసి కుటుంబంతో వెళ్లకండి, అవి ఎక్కువగా ఒంటరి మగవాళ్లకు నెలవారీ అద్దెకిచ్చే గదులు.

టికెట్ మీద దిగే స్టేషన్ పేరు చూసుకోండి. కొన్ని రైళ్లు సెంట్రల్‌కు రావు, ఎగ్మోర్‌కో తాంబరానికో పోతాయి. ఆంధ్రా బస్సులైతే చాలావరకు మాధవరంలో ఆగుతాయి.

అద్దె కన్నా ముందు అడగాల్సింది చెకౌట్ లెక్క. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. కొన్ని లాడ్జీల్లో ఏ వేళకు దిగితే మర్నాడు ఆ వేళ దాకా ఒక రోజు. కొన్నింట్లో మీరెప్పుడు వచ్చినా మధ్యాహ్నం 12కి రోజు అయిపోతుంది. సోమవారం ఉదయం 5కి దిగి, మంగళవారం రాత్రి 9కి ఖాళీ చేశారనుకోండి. మొదటి చోట రెండు రోజుల అద్దె, రెండో చోట మూడు. అలాగని 24 గంటల లాడ్జీ ఎప్పుడూ లాభమే అనుకోకండి. ఉదయం 5కి దిగినవాళ్లు మర్నాడు 8 దాకా పడుకుంటే ఇంకో రోజు పడుతుంది. మధ్యాహ్నం 12కి రోజు అయిపోయే చోటయితే మంగళవారం 12 లోపే గది వదిలేసి, సామాను స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టండి. మూడో రోజు అద్దె మిగులుతుంది. సంచులకు తాళం లేకపోతే క్లోక్ రూమ్‌లో తీసుకోరు. టికెట్ కూడా అడుగుతారు.

ఒక రాత్రికే అయితే స్టేషన్‌లోనే రైల్వేవాళ్లు అద్దెకిచ్చే రిటైరింగ్ రూమ్ చూడండి. పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు.

ఆధార్ లాంటి, చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ పెద్దవాళ్లందరి దగ్గరా ఉండాలి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి దాన్ని సాధారణంగా ఒప్పుకోరు. డబ్బు కట్టకముందే గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, ఫ్లష్ లాగి చూడండి. ‘మంచి గది చూపిస్తా’నని ఆటోవాలా తీసుకెళ్లిన చోట అతని కమిషన్ కూడా మీ అద్దెలోనే ఉంటుంది.

సెంట్రల్ నుంచి థౌజండ్ లైట్స్‌కి మెట్రో బ్లూ లైన్‌లో మూడో స్టేషన్. టీ నగర్‌కైతే మెట్రో కాదు, లోకల్ రైలు ఎక్కి మాంబళంలో దిగాలి. ఆ రైలు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి పోదు. అక్కడివి అరక్కోణం, గుమ్మిడిపూండి వైపు వెళ్తాయి. రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో తాంబరం బండి ఎక్కండి.