జంతు నమూనాల తయారీ, 7వ పాఠం: ఊడిన మీసాలు

చచ్చిన జంతువు తోలును అచ్చుకు తొడిగి నమూనా చేసే ఈ పాఠాల్లో ఈసారి గాజు కళ్లు పెట్టడం చెప్పాలి. కానీ పోయిన పాఠంలో పిల్లి మూతి తోలు వెనక కండ తీయమన్నాక మీరు పంపిన ఫొటోల్లో ఎక్కువ భాగం బోడి మూతులే. కళ్లు తర్వాత చూద్దాం.

ఊడిన మీసాన్ని పారేయకుండా దాని మొదలు ఎలా ఉందో చూడండి. మొదలు తెగి మొద్దుగా ఉంటే కత్తి లోతుకు పోయింది. కుదురు చెక్కుచెదరకుండా ఉండి, మీసంతోపాటు చుట్టూ ఉన్న బొచ్చు కూడా వేలికి అంటుకొస్తుంటే తోలు కుళ్లింది. మొదటివాళ్లు ఎక్కువ గీకారు, రెండోవాళ్లు తక్కువ గీకారు.

మామూలు వెంట్రుక కన్నా మీసం కుదురు చాలా లోతున, రక్తం నిండే గట్టి తిత్తిలో ఉంటుంది. తోలు తిరగేస్తే ఆ తిత్తులు బొడిపెల్లా వరసల్లో కనబడతాయి. పిల్లికి ఒక్కో చెంపకు నాలుగు వరసల్లో పన్నెండు దాకా మీసాలు. వరసకూ వరసకూ మధ్య గాటు పెట్టి ఆ సందులోని కండే తీయాలి, బొడిపెల జోలికి పోకూడదు. గాట్లలోకి మెత్తటి ఉప్పు వేలితో దట్టించాలి. నేనైతే మొదటిసారి కాస్త కండ ఉంచేస్తాను. ఆమ్లపు నీళ్లలో తోలు బిగిశాక మిగతాది గీకడం తేలిక. తోలు కుళ్లకుండా పదును చేయడం మీకు తెలిసిందే.

ఇక అసలు కోపం తెప్పించే విషయం. ఊడిన మీసాన్ని తడి తోలులోనే ఫెవిక్విక్‌తో అతికించారు చాలామంది. అచ్చు మీద ఆరేటప్పుడు తోలు కుంచించుకుపోతుంది. చెంప మీద తోలు వెనక్కి లాగితే మీసం ఆకాశం చూస్తుంది, ముందుకు ముడుచుకుంటే నేల చూస్తుంది. పైగా ఆ జిగురు తడి తగిలితే క్షణంలో గట్టిపడుతుంది, మీసం వంగిందని సరిచేసే వ్యవధి ఉండదు. పల్చటిది కాబట్టి బొచ్చు వెంట పాకి నాలుగు వెంట్రుకల్ని ఒకటిగా అంటిస్తుంది. దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొడిలా పేరుకుంటుంది. నల్లపిల్లి మూతి మీద ఆ తెలుపు ఎంత తుడిచినా పోదు. మూతి పూర్తిగా ఆరేదాకా ఆగండి. తర్వాత సన్నటి సూదితో పాత రంధ్రాన్నే తెరిచి, మీసం మొదలును అరాల్డైట్ జిగురులో అలా ముంచి గుచ్చండి. పైన బొట్టు కనబడితే ఎక్కువైనట్టే.

ఏ మీసం ఏ రంధ్రానిదో తెలియాలంటే తోలు ఒలవకముందే రెండు చెంపల పటం గీసి పెట్టుకోవాలి. ఊడినవాటిని థర్మోకోల్ మీద అదే క్రమంలో గుచ్చండి. వెనకవి పొడవు, ముందువి పొట్టి. తారుమారైతే పిల్లి కాస్తా ఇంకేదో అయిపోతుంది. వంకర్లు తిరిగిన మీసాన్ని వేడి ఆవిరి మీద మెత్తబరచి, వేళ్ల మధ్య సాగదీసి చల్లారేదాకా పట్టుకుంటే చాలు. పూర్తిగా పోయినచోట చేపల గాలానికి కట్టే నైలాన్ తీగ వద్దు, దానికి కొస సన్నబడదు. పంది వెంట్రుకల పెయింట్ బ్రష్ నయం. కనుబొమల మీద, గడ్డం మీద, ముందుకాళ్ల వెనక కూడా మీసాలుంటాయి, వాటినీ లెక్కలోకి తీసుకోండి.

పులి మీసం దొరికితే వాడొచ్చా అని అడిగారు. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది మీ దగ్గర ఉండటమే నేరం. పులి మీసం విషమన్న నమ్మకం వల్ల షికారు రోజుల్లో చచ్చిన పులికి మీసాలు మిగలడమే గగనమయ్యేది.

అభ్యాసం: ఆరిన కుందేలు తోలు ముక్కలు మూడు తీసుకుని, ఒక్కోదాని మీద రెండు చెంపలూ నాలుగేసి వరసల్లో మీసాలతో నింపండి. ఒకటి నిద్రమత్తు పిల్లి, మీసాలు పక్కలకు. రెండోది ఎలుకను చూసిన పిల్లి, ముందుకు. మూడోది భయపడ్డ పిల్లి, చెంపకు ఆనించి వెనక్కి. ముందు నుంచీ పైనుంచీ ఫొటోలు తీయండి. పేరు రాయకుండా ఇంట్లోవాళ్లకు చూపించండి, ఏది ఏ పిల్లో వాళ్లు చెప్పలేకపోతే పీకేసి మళ్లీ గుచ్చండి.